ఎందుకు చచ్చాయో ఎవరైనా అడిగారా?

జర్మనీలో ఒక నిబంధన ఉంది. వంద లోపు కోళ్లున్న ఏ మందలోనైనా 24 గంటల్లో మూడు పక్షులు చనిపోతే, వాటిని పెంచుతున్న మనిషి ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ని పిలిపించి అది బర్డ్ ఫ్లూ కాదని తేల్చుకోవాలి. వంద దాటిన మందలో నూటికి రెండుకు మించి చనిపోతే అదే పని. గుడ్లు ఉన్నట్టుండి బాగా పడిపోయినా అదే పని. ఇది ఎవరో దయతలచి చేసే సాయం కాదు, చట్టం. నేనుంటున్న హానోవర్ శివారులో ఇంటి వెనక అయిదారు పెట్టల్ని పెంచుకునే పెద్దావిడకీ, ఇదే రాష్ట్రంలో వేల టర్కీలు పెంచే కంపెనీకీ ఒకటే చట్టం.

మూడు కోళ్లు! ఆ అంకె తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మూడు కోళ్లు చస్తే ఇక్కడ ఒక ప్రభుత్వం ఉలిక్కిపడి "ఎందుకు?" అని అడుగుతోంది. మా గోదావరి జిల్లాల్లో గూళ్లకు గూళ్లు ఖాళీ అయిపోయినా ఆ ఒక్క మాట అడిగే నాథుడు లేడు.

మా మేనత్త పెరట్లో కోళ్లు పోయినప్పుడు ఏం జరిగిందో చెబుతాను. ముందు రోజు సాయంత్రం నూకలు తిని గూటికి చేరినవే అన్నీ. తెల్లారి గూడు తలుపు తీస్తే రెండు పెట్టలు చచ్చి పడి ఉన్నాయి. మధ్యాహ్నానికి పుంజు మెడ వాల్చేసింది. మర్నాటికి పిల్లలకోడి, దాని వెంట పిల్లలు. వారం తిరక్కుండా పెరడంతా ఖాళీ. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "నాటుకోళ్లే కదమ్మా, కొక్కెర తగిలుంటుంది. గొయ్యి తీసి పూడ్చెయ్యండి" అన్నారు. అంతే. వచ్చి చూసినవాళ్లు లేరు. ఒక్క కోడినైనా కోసి పరీక్ష చేసినవాళ్లు లేరు. ఎన్ని చచ్చాయో కాగితం మీద రాసుకున్నవాళ్లు లేరు. చూడకుండానే రోగానికి పేరు పెట్టేశారు. పేరు పెట్టేశాం కాబట్టి ఇంక చూడనక్కర్లేదని తేల్చేశారు.

నాటుకోళ్లే కదా! ఈ మాట ఎన్నిసార్లు విన్నామో. గేదె చస్తే ఊరు పలకరిస్తుంది, బీమా మనిషి వస్తాడు, ఫొటో తీస్తాడు. కోడి చస్తే పెంట దిబ్బ. కానీ ఆ పెరట్లో కోళ్లు ఎవరివి? మగవాళ్ల పేరు మీద పొలం ఉంటుంది, పాడి డబ్బు పాల కేంద్రంలో వాళ్ల చేతికే వస్తుంది. గుడ్లమ్మిన పదీ ఇరవై, పండగకు పుంజునమ్మిన వెయ్యీ రెండు వేలూ మాత్రం ఆ ఇంటి ఆడమనిషి కొంగున ముడేసుకునే డబ్బు. మనవడి పుస్తకాలు దాంట్లోంచే, తన కళ్ల డాక్టరు ఖర్చు దాంట్లోంచే. సెంటు భూమి లేని ఒంటరి ఆడమనిషికి అయితే ఆ అయిదారు కోళ్లే మొత్తం ఆస్తి. ఒక్క వారంలో ఆస్తంతా పోయిన మనిషికి "పూడ్చెయ్యండి" అని ఫోన్ పెట్టేయడానికి మనసెలా ఒప్పుతుంది?

పోనీ ఇదేదో నలుగురైదుగురి గొడవా? 2019 పశుగణన లెక్కల్లో దేశంలో ఉన్న కోళ్లు, బాతులు అన్నీ కలిపి 85 కోట్ల పైచిలుకు. అందులో 31 కోట్ల 70 లక్షలు పెరటివి. 2012 లెక్కతో పోలిస్తే ఈ పెరటి పక్షులు 45 శాతానికి పైగా పెరిగాయి. అంటే దేశంలో ప్రతి మూడు పక్షుల్లో ఒకటికి పైగా ఎవరో ఒకరి వాకిట్లో తిరుగుతున్నదే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అని రకాలు తయారుచేసి ఊళ్లకు ఇచ్చింది. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లకు పిల్లల్ని పంచారు, ఫొటోలు దిగారు. పంచేటప్పుడు అధికారులంతా ఉన్నారు. అవే కోళ్లు చచ్చేటప్పుడు ఒక్కరూ లేరు.

కొక్కెర, అంటే రాణీఖేత్ వ్యాధి కావచ్చు, నేను కాదనను. కానీ ఉన్నట్టుండి కోళ్లు చావడానికి కొక్కెర ఒక్కటే కారణమా? ఫౌల్ కలరా వస్తే రాత్రి బాగున్న కోడి పొద్దుటికి చచ్చి ఉంటుంది. కాక్సిడియోసిస్ వస్తే పిల్లలు రక్తం విరేచనమై పోతాయి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ పిండి తింటే కాలేయం పాడై చస్తాయి. పురుగుమందు కొట్టిన చేలో గింజలు ఏరుకు తిన్నా చస్తాయి. కుళ్లిన కళేబరం మీది పురుగులు తింటే బొటులిజంతో మెడ నిలపలేక చస్తాయి. వీటన్నిటి మధ్యలో బర్డ్ ఫ్లూ ఉంటుంది. తురాయి నల్లబడటం, తల వాయడం, కాళ్ల మీద రక్తపు మచ్చలు, ఒక్కోసారి అవేమీ లేకుండా చావు. గుమ్మంలో నిలబడి చూస్తే కొక్కెరకూ బర్డ్ ఫ్లూకూ తేడా పశువైద్యుడికే తెలియదు. ఫోన్‌లో ఎలా తెలిసింది?

తెలుసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. అప్పుడే చచ్చిన కోడిని రెండు సంచుల్లో చుట్టి ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు చేర్చాలి. కోసి చూస్తే చాలా సంగతులు అక్కడే బయటపడతాయి. కాలేయం నిండా సూదిమొనంత తెల్లటి చుక్కలుంటే ఫౌల్ కలరా మీద అనుమానం. జఠరంలోని గ్రంథుల మొనల్లో రక్తపు చుక్కలుంటే కొక్కెర. పేగు చివరి సంచుల్లో రక్తం గడ్డకట్టి ఉంటే కాక్సిడియోసిస్. గొంతులోంచి, మలద్వారంలోంచి దూది పుల్లతో తీసిన నమూనా పంపితే వైరస్ సంగతి తేలుతుంది. ఒక చాకు, ఒక జత గ్లవ్స్, ఒక మాస్కు, ఒక ఐసు పెట్టె, చెయ్యాలన్న బుద్ధి. మొదటి నాలుగూ ఏ మండలంలోనైనా దొరుకుతాయి. లేనిది అయిదోది.

హానోవర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. 1778లో మూడో జార్జి రాజు కాలంలో గుర్రాల వైద్యం నేర్పే బడిగా మొదలైంది. ఆయనే అప్పట్లో ఇంగ్లండుకూ రాజు. యుద్ధానికి గుర్రాలు కావాలి కాబట్టి గుర్రాల వైద్యం. రాజుల అవసరం అదే. కానీ ఆ బడి అక్కడే ఆగిపోలేదు. ఇప్పుడు అందులో కేవలం కోళ్లు, టర్కీలు, బాతుల కోసం ఒక ప్రత్యేక క్లినిక్ ఉంది. ఇదే నగరంలో రాష్ట్ర ప్రభుత్వపు పశువ్యాధి పరీక్షల సంస్థ ఉంది. అక్కడ అనుమానం వస్తే నమూనా బాల్టిక్ సముద్రపు ఒడ్డున రీమ్స్ దీవిలో ఉన్న జాతీయ సంస్థకు వెళుతుంది. 1910లో ఫ్రీడ్రిష్ లోఫ్లర్ అనే శాస్త్రవేత్త అక్కడ పశువుల వైరస్‌ల మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆ సంస్థకు ఆయన పేరే. ఒక పెట్ట చావు పెరటి నుంచి జిల్లా పశువైద్య అధికారికి, అక్కడి నుంచి ల్యాబుకు, అక్కడి నుంచి దీవికి చేరడానికి దారి వేసి ఉంచారు. మొదటి కోడిని కొన్న రోజే దాన్ని నమోదు చేయించాలి, ఒక్క కోడున్నా కొక్కెర టీకా తప్పనిసరి.

ఇదంతా జర్మన్లకు కోళ్ల మీద ప్రేమ పొంగిపొర్లి చేశారని నేను చెప్పడం లేదు. హానోవర్ రాజధానిగా ఉన్న లోయర్ సాక్సనీ జర్మనీలోకెల్లా కోళ్ల పరిశ్రమ ఎక్కువ ఉన్న రాష్ట్రం. పెద్ద పెద్ద షెడ్లలో పక్షులు కిక్కిరిసి బతికే తీరు చూస్తే మనసు వికలమవుతుంది. 2025 శరత్కాలంలో వలసపోతున్న సారస జాతి కొంగలు జర్మనీలో వేలల్లో చచ్చి పడ్డాయి, ఫారాల్లో పది లక్షలకు పైగా పక్షుల్ని చంపవలసి వచ్చింది. నిబంధనలున్నంత మాత్రాన రోగం ఆగదు. వ్యాపారం దెబ్బతింటుందన్న భయమే ఈ నిబంధనలకు పునాది అని కూడా నాకు తెలుసు. అయినా ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ చచ్చిన పక్షికి లెక్క ఉంది. లెక్క ఉన్నచోట జవాబు చెప్పాల్సిన మనిషి ఉంటాడు. మన దగ్గర లెక్కే లేదు, ఇంక జవాబెవరు చెబుతారు?

మనకు తెలియక కాదు. 2006 ఫిబ్రవరిలో జర్మనీలోని ర్యూగెన్ దీవిలో చచ్చిన హంసల్లో బర్డ్ ఫ్లూ కలిగించే హెచ్5ఎన్1 వైరస్ బయటపడింది. అదే సంవత్సరం, అదే నెలలో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్ల ఫారాల్లో మన దేశంలో మొదటిసారి అదే వైరస్ బయటపడింది. ఇద్దరికీ ఒకే నెలలో హెచ్చరిక అందింది. వాళ్లు మూడు కోళ్ల దగ్గర గీత గీసుకున్నారు. మనమూ కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నాం. 2009లో పార్లమెంటు పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం చేసింది. జాబితాలో ఉన్న రోగం వచ్చిందని అనుమానం కలిగితే పెంపకందారు గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి, వాళ్లు పశువైద్యుడికి చెప్పాలి అని అందులో స్పష్టంగా ఉంది. ఆ జాబితాలో బర్డ్ ఫ్లూ ఉంది, కొక్కెరా ఉంది. అంటే మా మేనత్తతో "కొక్కెర తగిలుంటుంది" అన్న మనిషి, చట్ట ప్రకారం కదలవలసిన రోగం పేరే చెప్పి కదలకుండా కూర్చున్నాడు. ఈ చట్టం మీ ఊళ్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. మీ పంచాయతీ కార్యదర్శికి తెలుసా?

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ తేలింది. అది చాలదా మేలుకోవడానికి? ఏడాది తిరిగింది. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో ఫారాల్లో కోళ్లు రాలిపోతున్నాయని రైతులు గగ్గోలు పెట్టారు. చచ్చిన కోళ్లను కాలువల్లో, రోడ్ల పక్కన పడేశారని పత్రికలు రాశాయి. ఆ కాలువల నీళ్లే పశువులు తాగేవి, ఆడవాళ్లు గిన్నెలు తోముకునేవి. ఫిబ్రవరి రెండో వారంలో గానీ భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబు నుంచి నిర్ధారణ రాలేదు. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం. అప్పుడు కదిలారు. కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపడం, పది కిలోమీటర్ల నిఘా, చెక్‌పోస్టులు. అప్పటికి చచ్చినవి లక్షల్లో ఉన్నాయి.

ఫారాల సంగతి అలా అయినా బయటికి వచ్చింది. ఫారం యజమానికి సంఘం ఉంది, ఎమ్మెల్యే ఫోన్ నంబరు ఉంది, బ్యాంకు అప్పు ఉంది కాబట్టి బ్యాంకుకైనా దిగులుంది. అదే రోజుల్లో ఆ చుట్టుపక్కల పాలేళ్ల ఇళ్ల వెనక, కాలువ గట్టు గుడిసెల దగ్గర చచ్చిన కోళ్లను ఎవరు లెక్కపెట్టారు? వాటిలో ఎన్నిటి నమూనాలు భోపాల్ దాకా వెళ్లాయి? ముందుగా చచ్చింది పెరటి కోడో ఫారం కోడో, రోగం ఎటు నుంచి ఎటు పాకిందో తేల్చే ఆధారం ఆ గోతుల్లోనే పూడిపోయింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సరిగ్గా ఆ కోళ్ల చావుల కాలంలోనే సంక్రాంతి వచ్చింది. కోడిపందేల బరులు వెలిశాయి. ఊరూరి నుంచి పుంజులు ఒకచోట చేరాయి, రక్తాలు కలిశాయి, సాయంత్రానికి మళ్లీ ఊరూరికీ వెళ్లాయి. పందెం పుంజుకు బాదంపప్పు, జీడిపప్పు, ఖైమా, ఉడికించిన గుడ్డు పెట్టి పోషిస్తాం. ఏ వారం ఏ దిక్కున ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం మన తెలుగులో ఉంది. కాకి, డేగ, నెమలి, సేతువ అని ఈకల రంగును బట్టి ఇన్ని పేర్లు పెట్టుకున్న జాతి మనది. కోడి ఎలా చంపుతుందో ఇంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లం, కోడి ఎందుకు చస్తుందో ఒక్క రోజైనా అంత శ్రద్ధగా చూశామా? ఆ మూడు రోజుల పందేల్లో చేతులు మారే కోట్లలో నూరో వంతు ఖర్చుపెడితే జిల్లాకో ల్యాబు నడుస్తుంది. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

వైరస్ నిర్ధారణ అయ్యాక చికెన్ ధర పడిపోయింది. వెంటనే కొన్ని పట్టణాల్లో ఉచిత చికెన్ మేళాలు పెట్టారు. వేదికల మీద పెద్దలు ముక్కలు కొరికి చూపించారు, జనం బారులు తీరారు. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు తింటే ప్రమాదం లేదన్నది నిజమే, ఆ మాట చెప్పాల్సిందే. కానీ ఆ వేదిక మీద రెండో మాట చెప్పినవాళ్లెవరు? చచ్చిన కోడిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దని, నలతగా ఉన్న కోడిని "చావకముందే కోసేద్దాం" అని కొయ్యొద్దని, పిల్లల చేత గూడు ఊడిపించవద్దని, వరసగా కోళ్లు చస్తే ఫలానా నంబరుకు చెప్పమని ఎవరు చెప్పారు? అమ్మకం కోసం వేసినన్ని పందిళ్లు ప్రాణం కోసం వెయ్యలేదు.

ఆ మరుసటి నెల, 2025 మార్చి 16న, మంగళగిరి ఎయిమ్స్‌లో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో హెచ్5ఎన్1 అని తేలింది. వంటకు తెచ్చిన కోడిమాంసంలో పచ్చి ముక్క పాప తిన్నదని, వండిన కూర తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదని వార్తలు వచ్చాయి. అంతకుముందు 2021లో హరియాణాకు చెందిన పదకొండేళ్ల బాలుడు ఇదే వైరస్‌తో ఢిల్లీ ఎయిమ్స్‌లో పోయాడు. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద ఈ వైరస్ సోకినట్టు తేలిన మనుషులు వెయ్యికి దగ్గరగా ఉంటే, అందులో దాదాపు సగం మంది బతకలేదు. ఈ వైరస్ మనిషి నుంచి మనిషికి సులువుగా అంటుకోదు, అదృష్టం. కానీ అది ఎప్పుడు మారుతుందో, ఎక్కడ మారుతుందో చెప్పగలిగేది ఎవరు? చచ్చిన ప్రతి మందనూ పరీక్షించేవాళ్లు మాత్రమే. "నాటుకోళ్లే కదా" అన్నవాళ్లు ఆ పాప తల్లి ముందు నిలబడి ఇప్పుడు ఆ మాట అనగలరా?

కోడి చావును తక్కువ చెయ్యకూడదని చెప్పడానికి చరిత్ర చాలు. మనుషులకు వేసే టీకాల శాస్త్రం ఎక్కడ మలుపు తిరిగింది? 1879, 80ల్లో లూయీ పాశ్చర్ ఫౌల్ కలరాతో చస్తున్న కోళ్ల మీద పనిచేస్తూ, రోగక్రిమిని ల్యాబులో బలహీనపరిచి టీకాగా వాడవచ్చని కనుక్కున్నాడు. 1890ల్లో జావా దీవిలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు ఆసుపత్రి వాకిట్లో కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోవడం చూశాడు. కోళ్లే కదా అనుకోలేదు, ఎందుకని అడిగాడు. బాగా పాలిష్ పట్టిన బియ్యం తిన్నవి పడిపోతున్నాయి, దంపుడు బియ్యం తిన్నవి కోలుకుంటున్నాయి. మనుషుల్ని చంపే బెరిబెరి గుట్టు అలా వీడింది, బి1 విటమిన్‌కు దారి పడింది, 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. అన్నం తిని బతికే మనం ఆ కోళ్లకు రుణపడి ఉన్నాం.

1909లో న్యూయార్క్‌లో ఒక పెంపకందారు గడ్డ లేచిన కోడిని పట్టుకుని పరిశోధనాలయానికి వెళితే పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త దాన్ని పరీక్షించాడు. వైరస్ వల్ల క్యాన్సర్ రావచ్చని ఆ కోడి వల్లే తెలిసింది, 1966లో ఆయనకూ నోబెల్ వచ్చింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు కారణం తెలియకుండా చచ్చాయి. పూడ్చేసి ఊరుకోలేదు. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు విషం దొరికింది. అదే అఫ్లటాక్సిన్. మనుషుల్లో కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే విషం. వేరుశనగ పండించే అనంతపురం రైతు గింజకు ఇవాళ విదేశాల్లో పెట్టే పరీక్ష ఆ టర్కీల చావు నుంచే పుట్టింది. ఆ రోజు ఎవరో ఒకరు "పక్షులే కదా" అని ఉంటే?

జనమే చెప్పరండీ, దాచేస్తారండీ అంటారు అధికారులు. అవును, దాచేస్తారు. ఎందుకు దాస్తారో ఆలోచించారా? మన విధానంలో పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకు, నాశనం చేసిన గుడ్లకు, దాణాకు. రోగంతో అప్పటికే చచ్చినవాటికి లేదు. పేదరాలు ధైర్యం చేసి చెబితే చచ్చిన ఆరింటికీ రూపాయి రాదు, బతికున్న నాలుగింటినీ పట్టుకుపోతారు, చుట్టుపక్కల ఇళ్ల కోళ్లనూ పట్టుకుపోతారు, ఊరంతా ఆమెను శాపనార్థాలు పెడుతుంది. నిజం చెప్పినందుకు శిక్ష వేసే పద్ధతి పెట్టుకుని, నిజం చెప్పడం లేదని ఆమెను నిందిస్తారా? జర్మనీలో పశువ్యాధి నిధి ఉంది. పెంపకందారులు చందా కడతారు, అధికారుల ఆదేశం మీద చంపిన పక్షికి 50 యూరోల దాకా చట్టం పరిహారం చూపిస్తుంది. నమోదు లేకపోతే పరిహారం రాదు, అందుకే నమోదవుతారు. అక్కడివాళ్లు మనకన్నా నీతిమంతులని కాదు, చెప్పినవాడు నష్టపోకుండా చూశారు.

ఇక టీకా సంగతి. కొక్కెరను ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1926లో గుర్తించారు, ఆ వెంటనే మన రాణీఖేత్‌లోనూ బయటపడింది, అందుకే రాణీఖేత్ వ్యాధి అన్నారు. టీకా మన దేశంలోనే ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధన సంస్థలో దశాబ్దాల కిందట తయారైంది. చౌక టీకా. మరి ఇప్పటికీ ఊళ్లకు ఊళ్లు కోళ్లు ఎందుకు చస్తున్నాయి? సీసాలో వంద డోసులు, రెండు వందల డోసులు, వెయ్యి డోసులు ఉంటాయి. కలిపాక ఒకటి రెండు గంటల్లో వెయ్యకపోతే పనికిరాదు. ఎప్పుడూ చల్లగా ఉంచాలి. ఆరు కోళ్లున్న మనిషి వంద డోసుల సీసా ఏం చేసుకుంటుంది? ఫారాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన సీసా అది, పెరటిని ఎవరూ తలుచుకోలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో వేడికి తట్టుకునే ఐ-2 టీకా తయారుచేశారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరి ఆడవాళ్లే నాలుగు నెలలకోసారి కోడి కంట్లో ఒక్క చుక్క వేసి మందల్ని కాపాడుకుంటున్నారు. మనకన్నా బీద దేశాలు చేసుకున్న పని మనం చేసుకోలేమా?

సిబ్బంది లేరు అనకండి. ఆంధ్రలో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి. అవి ఉన్నాయని తెలిసే మండిపడుతున్నాను. లేనివాడు చెయ్యకపోతే జాలిపడతాం, ఉండీ చెయ్యకపోతే నిలదీస్తాం. ఎండలో బండి మీద ముప్ఫై ఊళ్లు తిరిగే పశువైద్యులు, సహాయకులు నాకు తెలుసు, వాళ్ల మీద కాదు నా కోపం. వాళ్ల నెలవారీ లక్ష్యాల కాగితంలో పెరటి కోడి చావుకు ఒక్క గడి కూడా లేకుండా చేసిన వ్యవస్థ మీద. అడగని అంకెను ఎవరూ పంపరు.

అందుకే అడుగుతున్నాను, బతిమాలడం లేదు. ఒకటి, ఒక రోజులో ఏ ఇంట మూడు కోళ్లు చచ్చినా మూడో రోజులోగా మనిషి వచ్చి నమూనా తీసుకోవడం ఆ ఇంటి హక్కు కావాలి. రెండు, పోస్టుమార్టం, పరీక్ష ఉచితంగా జిల్లాలోనే జరగాలి, ఫలితం కాగితం మీద ఆ ఇంటికి చేరాలి. మూడు, ముందుగా చెప్పినవాళ్లకు చచ్చిన కోళ్లకూ పరిహారం ఇవ్వాలి. నాలుగు, టీకా చిన్న సీసాల్లో రావాలి, లేదా ఊరంతటికీ ఒకే రోజు వెయ్యాలి, వేసే పని ఊరి ఆడవాళ్లకే నేర్పి కూలి ఇవ్వాలి. అయిదు, ప్రతి మండలంలో ఎన్ని పెరటి మందలు పోయాయి, ఎన్నిటికి కారణం తేలింది అన్న లెక్క నెలనెలా ప్రజలకు చెప్పాలి. వీటిలో ఏదీ ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ చెయ్యనిది కాదు.

ఇది చదువుతున్న మీకూ ఒక మాట. మీ ఇంట్లోనో పక్కింట్లోనో కోళ్లు వరసగా చస్తే పూడ్చి ఊరుకోకండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని ముట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. నలతపడ్డ కోడిని కొయ్యకండి, సంతలో అమ్మకండి, కాలువలో వెయ్యకండి. ఎన్ని చచ్చాయో, ఏ రోజు చచ్చాయో, ఎలా ఉన్నాయో రాసుకోండి. 1962కు ఫోన్ చెయ్యండి. సచివాలయంలో, పంచాయతీలో రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం అడగండి. రాకపోతే గ్రామసభలో లేచి 2009 చట్టం పేరు చెప్పి నిలదీయండి. "నాటుకోళ్లే కదమ్మా" అని ఎవరైనా అంటే, పరీక్ష చెయ్యకుండా ఆ రోగం పేరు ఎలా తెలిసిందో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాగితం ఇవ్వలేని ప్రతి అధికారీ ఆ చావులకు జవాబుదారీయే.